ఫ్రిజ్ తలుపులో రెండు పెన్నులు

2020 మార్చి 17, మంగళవారం. ఆ పొద్దున నాకు నెలసరి వచ్చింది. పిల్లల కోసం తిరిగే ఆడవాళ్లకు నెలసరి అంటే గుండె జారిపోయే రోజు. ఐవీఎఫ్ మొదలుపెట్టే నెలలో మాత్రం దానికోసమే ఎదురుచూస్తాం. రెండో రోజు స్కానింగ్ చేసి, అంతా సవ్యంగా ఉంటే ఆ సాయంత్రం నుంచే ఇంజెక్షన్లు మొదలుపెడతారు. నేను బడికి సెలవు చీటీ పంపేసి, మా ఆయనతో కలిసి జగ్గయ్యపేటలో మధ్యాహ్నం హైదరాబాద్ బస్సెక్కాను. బస్సులో సగం మంది మూతికి కర్చీఫ్‌లు కట్టుకున్నారు. ఎవరైనా దగ్గితే అందరూ తిరిగి చూస్తున్నారు. నాకదేమీ పట్టలేదు. ఒళ్లో ఉన్న ఫైలు మీదే నా ధ్యాసంతా.

నాకప్పుడు 36 ఏళ్లు. పెళ్లయి పదేళ్లు. విజయవాడలో రెండు ఐయూఐలు, 2018లో ఒక ఐవీఎఫ్ అయిపోయాయి. ఏదీ నిలవలేదు. ఏఎంహెచ్ 0.8. తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఆడపిల్ల పుట్టేటప్పుడే జీవితానికి సరిపడా అండాలతో పుడుతుంది. ఆ తర్వాత కొత్తవి రావు, ఉన్నవి ఏటేటా తగ్గుతూ పోవడమే. ఇంకా ఎన్ని మిగిలి ఉంటాయో రక్తంలో చూసి అంచనా చెప్పే పరీక్ష ఏఎంహెచ్. నా వయసుకు ఆ అంకె తక్కువ. హైదరాబాద్ డాక్టరమ్మ ఫిబ్రవరిలోనే చెప్పింది, "ఆలస్యం చేసే పరిస్థితి కాదమ్మా మీది" అని. ఆ మాట పట్టుకునే బయల్దేరాం. పీఎఫ్‌లో లోను తీసుకున్నాం. నా నల్లపూసల గొలుసు మినహా బంగారం బ్యాంకులో పెట్టాం.

కూకట్‌పల్లిలో మా పిన్ని వాళ్లింట్లో దిగాను. పిన్నీ, బాబాయీ ఇద్దరే ఉంటారు. బాబాయికి 66, షుగరు. వాళ్లబ్బాయి అమెరికాలో ఉంటాడు, ఆ గది నాకిచ్చారు. 18వ తేదీ సాయంత్రం ఏడింటికి మొదటి ఇంజెక్షన్. ఈ మందు పెన్ను రూపంలో వస్తుంది. వెనక ఉన్న మర తిప్పితే టిక్కు టిక్కుమంటూ డోసు అంకె కనబడుతుంది. సన్నటి సూది. బొడ్డుకు రెండంగుళాల పక్కన, ఒకరోజు కుడివైపు, ఒకరోజు ఎడమవైపు. ఈ పెన్నులు చల్లగా ఉండాలి కానీ గడ్డకట్టకూడదు. పిన్ని ఫ్రిజ్ తలుపులో కరివేపాకు డబ్బా పక్కన ఒక అర ఖాళీ చేసి, పసుపు రాసిన చిన్న ప్లేటులో పెట్టింది. నా మందులకు పసుపు ఎందుకు పిన్నీ అంటే, మంచి పనికి పెట్టుకున్నవి కదా అంది.

మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో పని. 19న డ్యూటీకి వెనక్కి వెళ్లారు. పికప్, అంటే అండాలు బయటికి తీసేది, 29న గానీ 30న గానీ ఉంటుందన్నారు. "శాంపిల్ ఆ రోజే కదా ఇవ్వాల్సింది, రెండు రోజుల ముందే వచ్చేస్తాలే" అన్నారాయన. జగ్గయ్యపేట నుంచి హైదరాబాద్ ఎంతసేపు, మూడున్నర గంటలు. ముందే వీర్యం శాంపిల్ ఇచ్చి ఫ్రీజ్ చేయించి పెట్టుకోవచ్చని ఎవరూ అనలేదు. మేమూ అడగలేదు. ఈ ఒక్క వాక్యం రాయడానికే నేనిదంతా రాస్తున్నాను.

22వ తేదీ ఆదివారం జనతా కర్ఫ్యూ. సాయంత్రం ఐదింటికి అపార్ట్‌మెంట్లన్నీ బాల్కనీల్లోకి వచ్చి చప్పట్లు, పళ్లేలు, గంటలు. పిన్ని ఇత్తడి పళ్లెం మీద గరిటెతో కొట్టింది. అప్పటిదాకా వీధి చివర క్లినిక్‌లో నర్సమ్మ నాకు ఇంజెక్షన్ చేసేది. ఆ రోజు క్లినిక్ మూసేశారు. ఏడింటికి నేనే మంచం మీద కూర్చుని పొట్ట పట్టుకున్నాను. మర తిప్పేటప్పుడు వేళ్లు వణికి అంకె దాటిపోయింది, మళ్లీ వెనక్కి తిప్పుకున్నాను. సూది దించాక పదివరకు లెక్కపెట్టి తీయాలి. పది దాకా లెక్కపెట్టాను గానీ ఎప్పుడు తీశానో గుర్తులేదు. ఆ రాత్రే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లాక్‌డౌన్ అని వార్తల్లో చెప్పారు. బస్సుల్లేవు. మా ఆయనకు ఫోన్ చేస్తే, "31 దాకే కదా, ఏదో ఒక బండి దొరుకుతుందిలే" అన్నారు. ఆయన గొంతులోనే తెలిసిపోయింది, దొరకదని.

మర్నాడు స్కానింగ్. కుడివైపు మూడు, ఎడమవైపు రెండు ఫాలికల్స్, అంటే అండాలు పెరిగే సంచులు. నాకది చాలా ఎక్కువ. 2018లో మొత్తం కలిపి రెండే వచ్చాయి. సంతోషం పూర్తిగా నోట్లోంచి బయటికి రాకముందే డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆమె ముఖం మీద రెండు మాస్కులున్నాయి, కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. కొత్త కేసులేవీ మొదలుపెట్టడం లేదనీ, విదేశాల్లో సంఘాలు కూడా అదే చెప్తున్నాయనీ అంది. తర్వాత నేను ఫోన్‌లో వెతుక్కుని చదివాను. యూరప్ సంఘం ఈష్రే మార్చి 14నే గర్భం వాయిదా వేసుకోవడం గురించి ఆలోచించమని చెప్పింది. అమెరికన్ సొసైటీ ఫర్ రిప్రొడక్టివ్ మెడిసిన్ కొత్త చికిత్సలేవీ మొదలుపెట్టొద్దని చెప్పింది సరిగ్గా మార్చి 17న. నేను ఫైలు ఒళ్లో పెట్టుకుని బస్సెక్కిన రోజున. అప్పటికే మధ్యలో ఉన్నవాళ్లను మాత్రం పూర్తిచేయొచ్చన్నారు.

"మీరు మధ్యలో ఉన్నారు. పూర్తిచేద్దామంటే చేద్దాం. కానీ ఎంబ్రియోలు తయారయ్యాక ఫ్రీజ్ చేసి పెడతాం, లోపల పెట్టడం ఇప్పట్లో చేయం. ఈ కరోనా వైరస్ గర్భిణులను ఏం చేస్తుందో మాకే ఇంకా తెలీదు. ఇంతకీ మీవారు రాగలరా?" అని అడిగింది. నేను వస్తారన్నాను.

24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో మాట్లాడారు. ఇరవై ఒక్క రోజుల లాక్‌డౌన్. ఏడో ఇంజెక్షన్ చేసుకుని గంటైంది, పొట్టమీద దూది అదిమి పట్టుకుని హాల్లో నిలబడి విన్నాను. బాబాయి లేచి వెళ్లి బియ్యం డబ్బా మూత తీసి చూశాడు. అందరిళ్లలో ఆ రాత్రి అదే చేసి ఉంటారు.

25న ఉగాది. మామిడికాయ దొరకలేదు, చింతపండుతోనే పచ్చడి చేసింది పిన్ని. ఆ పొద్దున మళ్లీ స్కానింగ్ ఉంది. ఆటోల్లేవు. ఆసుపత్రి ఇచ్చిన లెటరు కారు అద్దానికి అంటించి బాబాయే తీసుకెళ్లాడు. దారిలో రెండుచోట్ల ఆపారు, లెటరు చూసి వదిలేశారు. నేను లోపల ఉన్న రెండు గంటలూ ఆ మనిషి కారు అద్దాలు మూసుకుని ఎండలో కూర్చున్నాడు. తిరిగొచ్చేసరికి గుమ్మం దగ్గర బకెట్లో డెటాల్ నీళ్లు, పక్కన నా బట్టలకు వేరే తొట్టి. పిన్ని ఒక్క మాట అనలేదు. తువ్వాలు అందిస్తూ, "వేణ్ణీళ్లు పెట్టానమ్మా, తలస్నానం చేసిరా" అంది అంతే. ఆమె భయం నాకర్థమైంది. ఆసుపత్రికి వెళ్లి వస్తున్నది నేను. షుగరున్నది బాబాయికి.

ఆ రాత్రి బాబాయి దగ్గాడు. ఆయనకు దుమ్ము పడదు, ఏటా ఈ రోజుల్లో దగ్గుతాడు. అది నాకూ తెలుసు. అయినా పక్క గదిలో పడుకుని ఒక్కో దగ్గూ లెక్కపెట్టాను. పదకొండు. పన్నెండోదాని కోసం తెల్లారేదాకా చూశాను. నాకు బిడ్డ కావాలన్న ఆశ ఈ ఇంట్లో ఒక పెద్దమనిషి ప్రాణం మీదికి వస్తే ఆ బిడ్డ ముఖం నేనెట్లా చూస్తాను? భగవంతుడా, ఆయన దగ్గు ఆగితే చాలు, నాకింకేం వద్దు అని ఒకసారి మొక్కాను. వెంటనే ఆ మొక్కు వెనక్కి తీసుకున్నాను. ఆ రెండూ నిజంగానే చేశాను.

26 పొద్దున మా ఆయన బైకు మీద తెలంగాణ సరిహద్దుకు బయల్దేరారు. సరిహద్దు చెక్‌పోస్టు ఉన్న గరికపాడు మా ఊరికి దగ్గరే. ముందురోజు రాత్రంతా హైదరాబాద్ హాస్టళ్ల నుంచి ఇళ్లకు బయల్దేరిన పిల్లలు వందలమంది అక్కడ ఆగిపోయారు. బ్యాగుల మీద తలలు పెట్టుకుని రోడ్డు పక్కన పడుకున్నారట. వాళ్లంతా ఇటు రావాలని, ఈయనొక్కరూ అటు పోవాలని. ఫోన్‌లో నేను పంపిన ఆసుపత్రి లెటరు ఉంది. అందులో నా పేరు, "చికిత్సలో ఉన్నారు" అన్న మాట, తేదీ. అంతే.

చెక్‌పోస్టులో ఒక కానిస్టేబుల్ అడిగాడట, "ఎవరికి బాలేదు?"

"మా ఆవిడకండీ."

"ఏమైంది?"

మా ఆయన చెప్పలేకపోయారు. చుట్టూ జనం. పదిమంది మగాళ్ల ముందు, మాకు పిల్లల్లేరు, మూడు నాలుగు రోజుల్లో నా భార్యకు ఆపరేషన్, నేను వెళ్లి శాంపిల్ ఇవ్వాలి అని ఏ మాటల్లో చెప్తాడు? "గైనిక్ ప్రాబ్లం" అన్నారట. "సీరియస్సా? ఐసీయూలో ఉందా?" అంటే లేదన్నారు. అబద్ధం చెప్పడం ఆయనకు రాదు. "అయితే అక్కడున్నవాళ్లు చూసుకుంటారు, మీరు ఇంటికెళ్లండి. మీ మంచికే చెప్తున్నా" అన్నాడట. ఆ కానిస్టేబుల్‌ను నేను తప్పుపట్టను. రాత్రంతా నిద్రలేని మనిషి, ముందు వందల మంది. ఆ రోజుల్లో అత్యవసరం అంటే ప్రాణం పోయేది. ప్రాణం పోసేది ఏ పాసులోనూ లేదు.

మధ్యాహ్నం రెండింటికి ఆయన ఫోన్ చేసి, "ఇంటికొచ్చేశా" అన్నారు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఆయన ఏడ్చారు. పదేళ్లలో మూడుసార్లు రిపోర్టు నెగెటివ్ వచ్చినప్పుడూ ఏడవని మనిషి. "చెప్పాల్సింది, గట్టిగా చెప్పాల్సింది. నోరు పెగల్లేదు" అని పదే పదే అన్నారు. ఈ సంగతి రాస్తానంటే ఆయనే రాయమన్నారు. ఆ రోజు చెప్పలేనిది ఇప్పుడైనా చెప్పినట్టవుతుందని.

27 పొద్దున డాక్టరమ్మతో ఫోన్‌లో మాట్లాడాను. ఆవిడ రెండు దారులు చెప్పింది. ఒకటి, అండాలు తీసి వాటినే ఫ్రీజ్ చేయడం, మా ఆయన వచ్చాక మిగతాది. దానికి మత్తు ఇవ్వాలి, థియేటర్ కావాలి, అప్పుడు వాళ్లకున్నది సగం సిబ్బంది. పైగా ఐదు ఫాలికల్స్‌లో ఐదు అండాలూ వస్తాయని లేదు, వచ్చినవన్నీ కరిగించాక బతుకుతాయనీ లేదు. రెండోది, ఇవాళ్టితో ఆపేయడం. "నన్నేం చేయమంటారు మేడమ్?" అని అడిగాను. "నేను చెప్పకూడదమ్మా. చెప్తే మీరు తర్వాత నన్ను తిట్టుకునైనా తేలికపడతారేమో గానీ, ఇది మీదే" అంది. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆ మాటకు గౌరవం ఉంది.

గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. పికప్ అంటే ఇంకో మూడుసార్లు ఆసుపత్రికి. మూడుసార్లూ బాబాయే కారు తీయాలి. నాకు మత్తు దిగేదాకా ఆయనే ఆసుపత్రిలో కూర్చోవాలి. పిన్ని మూడుసార్లు బకెట్లో డెటాల్ కలపాలి. వాళ్లు కాదనరు. కాదనరు కాబట్టే నేను అడగలేకపోయాను. మా అత్తయ్యకు ఫోన్ చేశాను. ఆవిడ చాలాసేపు విని, "నువ్వు క్షేమంగా ఇంటికి రా తల్లీ, తర్వాత చూద్దాం" అంది. పదేళ్లుగా మనవడి కోసం గుళ్లచుట్టూ తిరిగిన మనిషి ఆ మాట అంది.

ఆ సాయంత్రం ఏడింటికి ఫ్రిజ్ తలుపు తీయలేదు. ఇంజెక్షన్ చేసుకోకపోవడమే నా నిర్ణయం. అప్పటికి 68 వేలు అయ్యాయి. రెండు పెన్నులు మిగిలిపోయాయి.

ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి లైట్లు ఆర్పి దీపాలు పెట్టమన్నారు కదా, ఆ రోజే నెలసరి వచ్చింది. పిన్ని ప్రమిదల్లో నూనె పోసి నా చేతికో ప్రమిద ఇచ్చింది. బయట చేరాను పిన్నీ అన్నాను మెల్లగా. ఆవిడకు సంగతి అర్థమైంది. "ఏం పర్లేదు, పట్టుకో" అంది. బాల్కనీలో ముగ్గురం నిలబడ్డాం. ఎదురు అపార్ట్‌మెంట్ నిండా దీపాలు. ఆ ఐదూ అట్లా పోయాయి.

తర్వాత ఆరు వారాలు నేను హైదరాబాద్‌లోనే ఇరుక్కుపోయాను. లాక్‌డౌన్ మే 3 దాకా అన్నారు, 17 అన్నారు, 31 అన్నారు. పొడిగించిన ప్రతిసారీ నేను క్యాలెండర్‌లో ఇంకో నెలసరి లెక్కవేసుకునేదాన్ని. ఊపిరాడనట్టుండేది. కరోనానేమో అని వేలికి పెట్టే ఆక్సీమీటరు తెప్పించుకున్నాను, ఎప్పుడు చూసినా 98. రాత్రి రెండింటికి లేచి ఆసుపత్రుల ప్రకటనలు చదివేదాన్ని. అమెరికా సంఘం ఏప్రిల్ 24న, జాగ్రత్తలు తీసుకుంటూ మెల్లగా మొదలుపెట్టుకోవచ్చంది. అక్కడ మొదలైతే ఇక్కడా మొదలవుతుందని ఆశ. కానీ మా ఇద్దరి మధ్య సరిహద్దు అట్లాగే ఉంది.

ఆ రోజుల్లో మా చుట్టాలావిడ ఒకరు ఫోన్‌లో అంది, "జనం చచ్చిపోతుంటే ఇప్పుడు పిల్లల గొడవేంటే? ప్రపంచం ఏమైపోతుందో తెలీదు." ఆ మాటకు అప్పుడు జవాబివ్వలేదు. టీవీలో వలస కూలీలు, నిండు చూలాళ్లు కూడా, చంటిపిల్లల్ని ఎత్తుకుని హైవేల మీద నడిచి పోతున్నారు. వాళ్ల ముందు నా కష్టం ఎంత అని నాకూ అనిపించింది. కానీ కష్టాలను తక్కెడలో పెట్టి తూచితే ఎవరి కష్టమూ తగ్గదు. ఆవిడకు ముగ్గురు పిల్లలు. లోకం ఆగినా ఆవిడ పిల్లలు ఆ మూడు నెలలూ పెరిగారు. ఎవరి శరీరంలో గడియారం వాళ్లకుంటుంది, నాది లాక్‌డౌన్ పాటించలేదు. నన్నడిగితే పిల్లల కోసం ఆరాటపడటం తొందరపాటు కాదు, ఏ కాలంలోనూ కాదు.

మే నెల మూడో వారంలో స్పందన వెబ్‌సైట్‌లో పెట్టిన ఈ-పాస్ వచ్చింది. బాబాయి తెలిసినవాళ్ల కారు మాట్లాడాడు. ఫ్రిజ్‌లోంచి ఆ రెండు పెన్నులూ తీసి థర్మాకోల్ డబ్బాలో ఐస్ పెట్టి తెచ్చుకున్నాను. సరిహద్దులో నుదుటికి థర్మామీటరు గురిపెట్టి, పేరు రాసుకుని పంపారు. పద్నాలుగు రోజులు ఇంట్లోనే ఉండమన్నారు. మా ఆయన మందులన్నీ కొని గుమ్మంలో పెట్టుకుని నిలబడ్డారు, రెండు నెలల తర్వాత చూసుకుంటున్నాం, ముట్టుకోలేదు. మూడోరోజున వాలంటీరు పిల్ల, ఏఎన్ఎం కలిసి వచ్చారు. గుమ్మం అవతల నిలబడి వాలంటీరు పిల్ల ఫారం నింపుతూ, "ఇంట్లో అరవై దాటినవాళ్లున్నారా? షుగరు, బీపీ? గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు?" అని అడిగింది. ఒక్కరు, ఉంది, లేరు, లేరు, లేరు. ఫారం కాబట్టి అడగాలి. ఆ పిల్ల తలెత్తకుండా రాసుకుని వెళ్లింది.

ఆ ఏడాది అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి మొదటిరోజే మా ఆయన శాంపిల్ ఇచ్చి ఫ్రీజ్ చేయించాకే నేను పెన్ను పట్టుకున్నాను. పికప్‌కు ముందు ఇద్దరికీ ఆర్టీపీసీఆర్ చేశారు. నాలుగు అండాలు వచ్చాయి, ఐదో రోజుకు రెండు ఎంబ్రియోలు నిలిచాయి. మార్చిలో ఐదు ఫాలికల్స్, అక్టోబరులో నాలుగు అండాలు. ఒక్కటే కదా తేడా అంటారు. నాకు ఆ ఒక్కటి ఇప్పటికీ లెక్కలోనే ఉంది. 2021 జనవరిలో ఒకటి పెట్టారు, నిలవలేదు. రెండోది ఏప్రిల్ నెలసరి తర్వాత పెడదామన్నారు.

ఏప్రిల్‌లో రెండో వేవ్ వచ్చింది. ఈసారి ఆసుపత్రి మూయలేదు, బస్సులు ఆగలేదు. డాక్టరమ్మ ఫోన్‌లో, "మేం రెడీగా ఉన్నాం, మీ ఇష్టం" అంది. ఎవరూ ఆపనిది మేమే ఆపుకోవాలంటే ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మొదటిసారి సరిహద్దు అడ్డొచ్చింది, తిట్టుకోవడానికి ఒక గేటైనా ఉంది. ఈసారి మాకు మేమే.

మా బడిలో తోటి టీచరు మేనకోడలు ఏడో నెల. గుంటూరులో ఆక్సిజన్ బెడ్ కోసం రెండు రోజులు తిరిగారు. దొరికింది గానీ, తల్లీ బిడ్డా దక్కలేదు. ఆ అమ్మాయి సీమంతం ఫొటోలు నా ఫోన్‌లో ఇంకా ఉన్నాయి. ఆకుపచ్చ పట్టుచీర, రెండు చేతులా మోచేతుల దాకా గాజులు. ఆ రాత్రి మేడ మీద మా ఆయన అడిగారు, "నీకేమన్నా అయితే ఆ బిడ్డనేం చేసుకోను?" అప్పటికి గర్భిణులకు టీకా కూడా ఇవ్వడం లేదు. జూలై 2న గానీ కేంద్రం అనుమతించలేదు. పొద్దున లేచి డాక్టరమ్మకు మెసేజ్ పెట్టాను, టీకా రెండు డోసులూ పడ్డాకే వస్తామని. మే 5 నుంచి మనవైపు ఆంధ్రలో కర్ఫ్యూ, 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్. సరిహద్దులో ఈసారి రోగులున్న అంబులెన్సులే ఆగిపోయాయని, హైకోర్టు కలగజేసుకుందని వార్తల్లో చూశాను. ఆగి మంచిపని చేశామనుకున్నాను. ఆ నిర్ణయానికి నేనిప్పటికీ చింతించను.

కానీ భయం ఇంకో రూపంలో వచ్చింది. ఆక్సిజన్ మోసుకెళ్లడానికి ట్యాంకర్లు చాలడం లేదని, నైట్రోజన్, ఆర్గాన్ ట్యాంకర్లను మార్చి వాడుతున్నారని వార్త. మా ఎంబ్రియో ఉన్నది ద్రవ నైట్రోజన్‌లోనే. మైనస్ 196 డిగ్రీలు. నైట్రోజన్ రాకపోతే? ఊపిరాడక చనిపోతున్నవాళ్ల కోసం ఆ ట్యాంకర్లు వెళ్తుంటే, నా ఎంబ్రియోకు నైట్రోజన్ ఉందా అని అడగడానికి నోరెట్లా వస్తుంది? మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగోరోజు ల్యాబుకు ఫోన్ చేసి ఏడ్చేశాను. ఫోనెత్తింది ఎవరో కుర్రాడు, ఎంబ్రియాలజిస్టు. విసుక్కోలేదు. ట్యాంకు అంటే పెద్ద ఫ్లాస్కు లాంటిదనీ, మూత తీయకుండా ఉంటే వారాల తరబడి చల్లదనం పోదనీ, తాము మాత్రం రోజూ కొలకర్రతో మట్టం చూసి పుస్తకంలో రాస్తామనీ చెప్పాడు. "అమ్మా, ఇవాళ పొద్దున కూడా నేనే చూశాను. మీది మూడో ట్యాంకులో ఉంది" అన్నాడు. అంతమంది చనిపోతున్న ఆ మే నెలలో, తెల్లకోటు వేసుకున్న ఒక కుర్రాడు రోజూ పొద్దున ట్యాంకు మూత ఎత్తి కొలుస్తున్నాడు. ఆ మాట పట్టుకునే ఆ నెల గడిపాను.

జూన్‌లో మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లులకు ముందుగా టీకా వేశారు. మంచి పని. వాలంటీరు పిల్ల మా వీధిలో ఇంటింటికీ వెళ్లి పిలుచుకెళ్తుంటే నేను కిటికీలోంచి చూశాను. నాకు జూలైలో మొదటి డోసు, 84 రోజులు ఆగాక అక్టోబరులో రెండోది. నవంబరులో ఆ ఎంబ్రియో పెట్టారు. పద్నాలుగో రోజు రక్తపరీక్ష పాజిటివ్. జీవితంలో మొదటిసారి. పదహారు రోజులు నేను తల్లిని. ఏడో వారం స్కానింగ్‌లో గుండె కొట్టుకోవడం కనబడలేదు.

దాని గురించి ఇంతకన్నా రాయలేను.

2022లో చికిత్స మానేశాం. అప్పుడే కొత్తగా వచ్చిన చట్టం ప్రకారం ఆడవాళ్లకు యాభై ఏళ్లదాకా అవకాశం ఉంది. మాకు డబ్బులు, ఓపిక అంతదాకా లేవు. ఇప్పుడు ఇంట్లో నేను, ఆయన, అత్తయ్య. ఏమైనా విశేషమా అని అడిగేవాళ్లు కూడా తగ్గారు. ఆ మార్చిలో ఆపకుండా ఉంటే ఏమయ్యేదని డాక్టరమ్మను ఆఖరిసారి అడిగాను. "ఎవరూ చెప్పలేరమ్మా" అంది. నిజమే, ఎవరూ చెప్పలేరు. నేను ఆపింది నా చేతుల్తోనే, బాబాయి కోసం ఆపాను, ఆయన ఇప్పుడు డెబ్బై దాటి హాయిగా ఉన్నారు. ఉగాదికి ఫోన్ చేసినప్పుడల్లా దగ్గు ఎట్లా ఉంది బాబాయ్ అని అడుగుతాను. ఎందుకడుగుతానో ఆయనకు తెలియదు.

పెన్నులు గడువు దాటాక కూడా చాలాకాలం ఫ్రిజ్ తలుపులోనే ఉంచాను. పోయినేడు ఫ్రిజ్ మార్చినప్పుడు మా ఆయన వాటిని ఆసుపత్రి చెత్తలో వేయించి వచ్చారు.

ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఐవీఎఫ్‌కు సిద్ధమవుతుంటే ఒక మాట. వరదలు రావచ్చు, బంద్ రావచ్చు, ఇంట్లో చావు రావచ్చు, మళ్లీ ఏ జబ్బైనా రావచ్చు. మొదటి ఇంజెక్షన్‌కు ముందే మీవారి శాంపిల్ ఫ్రీజ్ చేయించి పెట్టుకోండి. మధ్యలో ఆపాల్సివస్తే ఏం చేస్తారని, ఎంత ఖర్చు పోతుందని డాక్టరును మొదటిరోజే అడగండి, జవాబు కాగితం మీద రాయించుకోండి. అడగడానికి సిగ్గుపడకండి.